రెండు కోర్ల మధ్య: పాత అంకె

పోయిన వారం సూదిని లాబ్‌లో ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. ఆ కంప్యూటర్ ఆమె కంపెనీది కాదు, ఎదుటి కంపెనీ చిప్‌తో నడిచేది. ముందురోజు సాయంత్రం తనే షాపుకెళ్లి, అందరితోపాటు వరసలో నిలబడి కొని, అట్టపెట్టెను చంకన పెట్టుకుని తెచ్చుకుంది. తన చిప్ తప్పిన పరీక్షనే దానికీ పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. సూది అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. బల్లల మీద పెట్టుకునే కంప్యూటర్లకి ప్రాసెసర్లు తయారుచేసే ఒక కంపెనీలో, తప్పులు పట్టే విభాగానికి ఆమె పెద్ద. ఎవరి పనిలో ఎక్కడ తేడా ఉన్నా గుచ్చి మరీ చెబుతుందని తోటివాళ్లు పెట్టిన పేరది. మొదట చాటుగా అనేవారు, తర్వాత ముఖం మీదే అనేశారు, ఇప్పుడు జీతం కాగితం మీద ఉన్న పేరు ఆఫీసులో సగం మందికి తెలీదు.

ఐదేళ్లు కష్టపడి గీసిన కొత్త చిప్ ఫ్యాక్టరీ నుంచి తయారై వచ్చింది. మూడు వారాల్లో బజార్లోకి వెళ్లాలి. సరిగ్గా అప్పుడు, ఎనిమిది రోజుల కిందట, సూదికి అందులో ఒక తప్పు దొరికింది. ఇప్పటి ప్రాసెసర్ అంటే ఒక బుర్ర కాదు, వేలిగోరంత పలక మీద పదహారు బుర్రలు. కోర్లు అంటారు వాటిని. ఒక కోర్ ఒక అంకెను మార్చిందంటే, మిగతా పదిహేనింటికీ వెంటనే కబురు పంపాలి: మీ దగ్గరున్నది పాతది, పారేయండి అని. చిప్ బాగా వేడెక్కినప్పుడు, ఎప్పుడో ఒక్కసారి, ఆ కబురు ఒక్క క్షణం ఆలస్యమవుతోంది. ఈలోగా పక్క కోర్ పాత అంకెతోనే పని కానిచ్చేస్తోంది. మెషిన్ ఆగదు, కేక పెట్టదు. తప్పు చేశానని దానికే తెలీదు.

కబుర్లు మోసే ఆ భాగం కొత్తది కాదు. అది గీసినప్పుడు కోర్లు రెండే, చిప్పులు ఇంత వేడెక్కేవీ కాదు. ఇరవై ఏళ్ల కిందట, వేరే కంపెనీలో, పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఇద్దరు మనుషులు గీసింది. ఒకరు సూది. రెండోవాడు ఆమెకి ఈ విద్య నేర్పినవాడు, ఆ తర్వాత ఆమె అక్కను పెళ్లి చేసుకుని బావ అయినవాడు. ఆ కంపెనీ మూతపడింది. బావ అటు వెళ్లాడు, సూది ఇటు వచ్చింది. వాళ్లు గీసిన భాగాన్ని మాత్రం రెండు కంపెనీలూ కొనుక్కున్నాయి. అప్పటినుంచి బావా మరదళ్లు ఎదురెదురు జట్లలో ఉండి, ఏటేటా ఒకరిని మించి ఒకరు చిప్పులు చేస్తూనే ఉన్నారు.

అందుకే సూదికి అనుమానం వచ్చింది. నాది తప్పితే, ఆయనది తప్పకుండా ఎలా ఉంటుంది?

నలభై ఒకటో నిమిషంలో తెర మీద ఎర్ర గీత పడింది. ఒక కోర్ పదహారు అని రాసిన చోట పక్క కోర్ పన్నెండు అని చదివింది. పన్నెండు అంటే, మార్చకముందు ఉన్న అంకె.

ఆ పనిలో ఉన్న ఇంకెవరైనా అయితే కుర్చీలోంచి ఎగిరి గంతేసేవారు. ఎదుటివాడి గుట్టు చేతికి చిక్కితే పండగే కదా. సూది మాత్రం పరీక్షను ఆపి, మళ్లీ మొదటినుంచి పెట్టింది. ఈసారి ముప్పై ఆరో నిమిషం. కిటికీలోంచి పొద్దుటి ఎండ కీబోర్డు మీదికి పాకింది.

ఆమెకి గుర్తొచ్చింది బావ కాదు, అక్క.

అక్క క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ డోసులు లెక్కకట్టేది. పద్దెనిమిదేళ్లు ఆ కుర్చీలో కూర్చుంది. రెండేళ్ల కిందట, గొంతు జబ్బుతో వచ్చిన ఒక బడి టీచరమ్మకి డాక్టర్ డోసు తగ్గించమంటే, అక్క ఆ అంకె మార్చింది. మారినట్టు తెర చూపించింది. మెషిన్‌కి వెళ్లిన ఫైల్లో మాత్రం పాత అంకే ఉంది. వారం పాటు ఆ పాత డోసే వెళ్లింది. టీచరమ్మ బతికింది కానీ గొంతు పోయింది. ఇక మాట రాదన్నారు. ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని విచారణ చేసి, అంకె మార్చడం అక్క మర్చిపోయిందని తేల్చారు. "మార్చాను. మారడం చూశాను" అని అక్క ఒకటే మాట. ఆ మాట కాగితం మీద రాసుకున్నారు, కింద ఆమె లైసెన్సు రద్దు చేస్తున్నట్టు కూడా రాశారు. ఇప్పుడు అక్క లైబ్రరీలో, తిరిగొచ్చిన పుస్తకాలను అరల్లో సర్దుతోంది.

ఆసుపత్రిలో ఆ కంప్యూటర్‌లో ఉన్నది బావ కంపెనీ చిప్పే.

సూది రెండు పరీక్షల కాగితాలూ ముద్రించుకుని, మెట్లెక్కి డైరెక్టర్ గదికి వెళ్లింది. లిఫ్టు కోసం ఆగే ఓపిక లేదు.

డైరెక్టర్ గది గోడకి ఒక పెద్ద పటం ఉండేది. బజార్లో రెండు కంపెనీల వాటాలు రెండు గీతలు. ఎర్రది వాళ్లది, నీలం మనది. ఇరవై ఏళ్లుగా ఒకదాన్నొకటి తరుముకుంటూ, దాటుకుంటూ పోతున్న గీతలు. ఈరోజు ఆ పటం గోడ మీద లేదు. మేకు మాత్రం మిగిలింది. సూది అది గమనించింది గానీ, అడిగే తీరిక లేదు. కాగితాలు బల్ల మీద పెట్టింది.

డైరెక్టర్ చదివాడు. మళ్లీ చదివాడు. ముఖం మెల్లగా విప్పారింది.

"వాళ్లదీ పోయిందా?"

"పోయింది సార్. అదే చోట."

"అమ్మయ్య!" అని కుర్చీలో వెనక్కి వాలాడు.

"అమ్మయ్య ఏంటి సార్?"

"ఎనిమిది రోజులుగా నాకు నిద్రుందా? ఈ తప్పు వాళ్లు పట్టుకుంటే పేపర్లకెక్కించి మన పరువు తీస్తారని. ఇప్పుడు వాళ్లు మన వైపు వేలెత్తి చూపలేరు. వాళ్ల ఇల్లూ అదే గడ్డితో కప్పారు కదా. ఇంక భయం లేదు, అనుకున్న రోజుకి విడుదల చేసేద్దాం."

"తప్పుతోనా?"

"తప్పు ఎవరికి కనిపిస్తుంది?"

"కనిపించదు. అదే కదా నేను చెప్పేది! దిద్దాలంటే ఫ్యాక్టరీలో ఐదు నెలలు పడుతుంది. అంతవరకూ ఆగలేం అంటారా, సాఫ్ట్‌వేర్‌తో అడ్డుకట్ట వేస్తాను, రెండు వారాల్లో అయిపోతుంది. వేగం ఐదో వంతు తగ్గుతుంది, అంతే."

"అంతే అంటారేంటండీ! ఐదో వంతు తగ్గితే మీ బావగారి చిప్ వెనక్కి పడతాం. అది తెలిసీ ఎవడు కొంటాడు?"

సూది నోరు తెరిచేలోపు ఆయన చెయ్యి పైకెత్తాడు. గొంతు తగ్గించాడు. ఆ తగ్గించడంలో జాలి ఉంది, అదే ఆమెని భయపెట్టింది.

"మీకు ఇవాళ కాకపోతే రేపైనా చెప్పాలి. ఇదే ఆఖరిది మేడమ్. ఇక బల్ల మీది కంప్యూటర్‌కి మనం చిప్పులు చెయ్యం. నిన్న నిర్ణయం అయిపోయింది. పెద్ద పెద్ద హాళ్లలో వరసలుగా పేర్చే యంత్రాలు ఉన్నాయి చూశారా, ఫ్యాక్టరీ వాళ్ల దగ్గర మన వంతుకి వచ్చే పలకలన్నీ ఇక వాటికే. ఇళ్లలో, బళ్లలో, చిన్న ఆఫీసుల్లో కూర్చునే వాళ్ల కోసం ఎవరూ కొత్త చిప్ గీయరు. మనం గీయం, వాళ్లూ గీయరు. ఉన్నదాన్నే పేరు మార్చి అమ్ముకుంటూ పోతారు."

"మా విభాగం?"

"నలభై ముగ్గురు కదా. పన్నెండు మందిని అటు తీసుకుంటున్నాం. మిమ్మల్ని కూడా."

"మిగతా ముప్పై ఒక్కమంది?"

డైరెక్టర్ కాగితాలను సొరుగులో పెట్టి, మూసి, మళ్లీ మామూలు గొంతుతో అన్నాడు.

"ఆఖరి చిప్‌కి ఐదు నెలలు ఎవరిస్తారు చెప్పండి? పోయేవాడికి కొత్త బట్టలు కుట్టించినట్టు ఉంటుంది. మీరు ఇవాళ ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోండి. దారిలో మీ అక్కగారి ఇల్లు తగులుతుందిగా? బావగారిని అడిగానని చెప్పండి."

మెట్లు దిగుతూ ఉంటే సూదికి ఆ చివరి మాట అర్థమైంది. ఈయనకి తెలుసు, నేను అక్కడికే వెళ్తానని. నేను వెళ్లి గొడవపడినా, ఇంటివాళ్లం కనక చెవులు కొరుక్కుని ఇద్దరం నోరు మూసుకుంటామని. పెద్దమనిషి ఎంత తేలిగ్గా లెక్కకట్టేశాడు!

అయినా వెళ్లింది. వెళ్లకుండా ఎలా ఉంటుంది?

అక్కావాళ్లది మూడో అంతస్తు. మధ్యాహ్నం రెండు దాటింది. ఆ వేళకి అక్క లైబ్రరీలో, బావ ఆఫీసులో ఉంటారు. అక్క వచ్చేదాకా మెట్ల మీద కూర్చుందామనుకుంటూ పైకెక్కిన సూదికి, తలుపు ఓరగా తెరిచి ఉండటం కనిపించింది. వంటింట్లోంచి ఎవరో రెంచీతో ఇనుమును బాదుతున్న చప్పుడు.

బావ సింకు కింద సగం దూరి ఉన్నాడు. కాళ్లు మాత్రం బయటికున్నాయి. వేలిగోరంత పలక మీద వందల కోట్ల మీటలకి దారులు గీసిన మనిషి, కారే కుళాయికి వాషర్ మార్చలేక చెమటలు కక్కుతున్నాడు.

"ఇంట్లో ఉన్నావేంటి బావా?"

లోపల తల దేనికో కొట్టుకుంది. బావ బయటికొచ్చి, నెత్తి రుద్దుకుంటూ నేలమీదే కూర్చున్నాడు. చొక్కా చేతులు మోచేతులదాకా తడిసిపోయాయి.

"నువ్వా? మీ అక్కేమోనని హడలిపోయాను."

"అక్కైతే హడలిపోవడం ఎందుకు?"

ఆయన కాసేపు రెంచీని అటూ ఇటూ తిప్పాడు. "పోయిన గురువారం పంపించేశారు. డెస్క్‌టాప్ విభాగం మొత్తం. ఆమెకి ఇంకా చెప్పలేదు. పొద్దున్నే సంచీ తగిలించుకుని బయల్దేరుతున్నాను. ఆమె లైబ్రరీకి వెళ్లాక తిరిగొస్తున్నాను. ఊరికే కూర్చోలేక ఇంట్లో చెడిపోయినవన్నీ బాగుచేస్తున్నా. ఇప్పటికి రెండు స్విచ్చులు పాడుచేశాను."

మామూలు రోజైతే సూది నవ్వేది. ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. చిప్పుల మాట ఎత్తినవాళ్లు ఆ పూట గిన్నెలు తోమాలి. అక్క పెట్టిన నియమం. మొగుడూ చెల్లెలూ చెరో కంపెనీ అయ్యాక, భోజనాల బల్ల దగ్గర మాటలు పెరగకుండా పెట్టింది. బావ చాలాసార్లు తోమాడు. సూది అంతకంటే ఎక్కువసార్లు తోమింది.

"మరి మీ కొత్త చిప్? మూడు వారాల్లో వస్తోందిగా, ఏడాదిగా ఊరంతా బోర్డులు పెట్టారు!"

"కొత్త చిప్ ఎక్కడిది? పాతదానికి కొత్త డబ్బా. మీది వస్తోందని భయపడి పెట్టిన బోర్డులవి."

సూది గోడకి ఆనుకుంది. ఆ బోర్డులు చూసే సూది కంపెనీ ఆదరాబాదరాగా పరిగెత్తింది. చిప్ వేడెక్కితే ఏమవుతుందో లెక్కకట్టి చూసే ఆఖరి పరీక్షను, ఫ్యాక్టరీకి పంపకముందే గీతల దశలో చెయ్యాల్సింది, నాలుగు వారాలు కలిసొస్తాయని వదిలేశారు. అది చేసి ఉంటే తప్పు అప్పుడే దొరికేది. ఇటువాళ్లు అటువాళ్లని చూసి, అటువాళ్లు ఇటువాళ్లని చూసి, లేనిదాన్ని తరుముతూ ఐదేళ్లు పరిగెత్తారు.

"బావా, నిన్న మీ చిప్ ఉన్న కంప్యూటర్ ఒకటి కొన్నాను. పరీక్ష పెట్టాను. నలభై ఒకటో నిమిషంలో తప్పింది."

బావ రెంచీ కింద పెట్టాడు. తువ్వాలు తీసుకుని చేతులు తుడుచుకోసాగాడు. ఒక్కో వేలూ తుడిచాడు. ఏ పరీక్ష అని అడగలేదు.

సూదికి అక్కడే తెలిసిపోయింది. ముప్పై రకాల పరీక్షలుంటాయి వాళ్ల పనిలో. ఏది అని అడగని మనిషికి, అది ఏదో ముందే తెలుసు.

"నీకు తెలుసు" అంది.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

బావ మళ్లీ బొటనవేలు నుంచి తుడవడం మొదలుపెట్టాడు.

"అక్క సంగతికి ముందా, తర్వాతా?"

ఆయన తువ్వాలును మడతపెట్టాడు. ఆ మడతను మళ్లీ మడతపెట్టాడు.

"చెప్పు బావా. తర్వాత అని చెప్పు. అబద్ధమైనా సరే, తర్వాత అను, నేను నమ్మి వెళ్లిపోతాను."

"ముందే. నాలుగు నెలల ముందు."

వంటింట్లో నీళ్లు కట్టేసి ఉన్నాయి. ఫ్రిజ్ కూడా అప్పుడే మూలగడం ఆపింది. పక్కింట్లో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు గోడలోంచి స్పష్టంగా వినిపించింది.

"ఆ ఏడు మీరు మమ్మల్ని దాటేశారు" అన్నాడు బావ, నేలకేసి చూస్తూ. "అంత దూరం ఎప్పుడూ దాటలేదు. అది నీ చిప్. మా ఆఫీసులో అందరి ముఖాలూ వేలాడుతున్నాయి. సరిగ్గా అప్పుడు దొరికింది నాకిది. అడ్డుకట్ట వేస్తే ఐదో వంతు వేగం పోతుంది. ఎవరితోనూ అనలేదు. ఇంటికొచ్చి లెక్క వేశాను. మామూలు వాడకంలో ఒక కంప్యూటర్‌కి ఈ తప్పు పదకొండేళ్లకి ఒకసారి రావాలి. పదకొండేళ్లు ఏ కంప్యూటర్ బతుకుతుంది అనుకున్నాను."

"ఎన్ని కంప్యూటర్లో లెక్క వెయ్యలేదా?"

"వెయ్యలేదు."

"నాలుగు కోట్లు బావా. ఆ చిప్‌ను నాలుగు కోట్లు అమ్మారు మీరు. రోజుకి పదివేల సార్లు. మనం ఇక్కడ మాట్లాడుకుంటున్న ఈ పది నిమిషాల్లో కూడా ఎక్కడో డెబ్బైసార్లు జరిగిపోయి ఉంటుంది."

ఆయనకి ఆ లెక్క ఎప్పుడో తెలుసని ముఖం చూస్తే అర్థమైంది. వేశాడు, వేసి చెరిపేశాడు.

"అక్కని విచారణకి పిలిచినప్పుడు పక్కనే కూర్చున్నావు."

"కూర్చున్నాను."

"ఏం చెప్పావు అక్కడ? నేను బయట వరండాలో ఉన్నాను. అక్క నాకు చెప్పలేదు. నువ్వు చెప్పు."

"ఆ మధ్య ఆమెకి సరిగ్గా నిద్ర ఉండట్లేదని చెప్పాను. పని ఒత్తిడి అంటే శిక్ష తగ్గుతుందేమోనని..."

"మర్చిపోయి ఉంటుంది అన్నావు!"

"ఆ మాట నేను అనలేదు."

"అనేలా వాళ్లకి దారి గీసిచ్చావు. దారులు గీయడం నీ పనే కదా."

ఎంత మాట అనేసిందో అన్నాక గానీ ఆమెకి తెలియలేదు. బావ తల ఇంకాస్త దిగింది. కోపంగా లేచి అరిచి ఉంటే బాగుండేది. ఆయన నేలమీద, తడి చేతులతో, బడిలో శిక్ష పడ్డ పిల్లాడిలా కూర్చుని ఉంటే, ఇరవై ఏళ్ల కిందట తన పక్క కుర్చీలో కూర్చుని "తప్పును దాచేవాడు ఈ పనికి పనికిరాడమ్మాయ్" అని మొదటి పాఠం చెప్పిన మనిషి ఈయనే అంటే నమ్మబుద్ధి కాలేదు.

"కుళాయి అయిందా?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. భుజాన సంచీ, చేతిలో తాళంచెవి. లైబ్రరీలో రంగులు వేస్తున్నారని మధ్యాహ్నమే పంపించేశారట. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు ఎవరూ అడగలేదు.

"అక్కా, నువ్వు ఎప్పుడొచ్చావు?"

"ఎన్ని నెలలన్నారు?" అక్క చూపు మొగుడి మీదే ఉంది. గొంతు ప్రశాంతంగా ఉంది. "నాలుగు అన్నారు కదా? సరిగ్గానే విన్నానా? ఈ మధ్య నా చెవుల మీదా కళ్ల మీదా నాకు నమ్మకం లేదు, అందుకని అడుగుతున్నా."

బావ తల ఊపాడు.

అక్క సంచీ దించి బల్ల మీద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుని చెల్లెలి వైపు తిరిగింది. "నువ్వు చెప్పవే. ఆయన భాష నాకు అర్థం కాదు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పు."

సూది చెప్పింది. పదహారు కోర్లు, కబురు, ఆలస్యం, పాత అంకె. తెరకి ఒక కోర్ కొత్త అంకె చూపిస్తుంటే, ఫైలు రాసే కోర్ పాత అంకె రాసేయగలదని చెప్పింది. చెబుతున్నంతసేపూ అక్క రెండు చేతులూ బల్ల మీద పరిచి, అరచేతులకేసి చూసుకుంటూ ఉంది.

"అయితే నేను మార్చాను."

"మార్చావక్కా."

"ఆ రోజు నా బుర్ర సరిగ్గానే ఉంది."

"ఉంది."

ఏడుస్తుందేమోనని సూది దగ్గరికి జరిగింది. అక్క ఏడవలేదు. మొగుడితో, ఏదో ఇంటి సంగతి గుర్తుచేస్తున్నట్టు, మెల్లగా అంది.

"రెండేళ్లుగా తాళం వేసి మూడుసార్లు వెనక్కొస్తున్నాను. వేశానో లేదోనని. మెట్ల మీద నిలబడి నవ్వేవారు మీరు. 'వేశావులే, నేను చూశాను, పద' అనేవారు. రోజూ అనేవారు. ఎంత ఓపికగా అనేవారో! నేను తాళం వేశానని అన్నిసార్లు చెప్పారు. ఆ అంకె మార్చానని ఒక్కసారి చెప్పలేకపోయారా?"

బావ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "రేపే చెబుతాను. పేపరు వాళ్ల దగ్గరికెళ్లి..."

"ఎవరు వింటారు?" అంది సూది. "ఉద్యోగం పోయిన కక్షతో చెబుతున్నాడంటారు. నీ పరీక్ష కాగితాలు ఉన్నాయా?"

"లేవు. అప్పుడే చెరిపేశాను."

"నావి డైరెక్టర్ సొరుగులో ఉన్నాయి. ఇప్పటికే లాబ్‌లోని కంప్యూటర్ కూడా తీయించేసి ఉంటాడు."

"ఉద్యోగం సంగతి పాడైన స్విచ్చులే చెప్పాయి నాకు. కాగితాలు ఉన్నా ఏం లాభంలే" అంది అక్క. "నేను మర్చిపోయానన్నా, మెషిన్ మర్చిపోయిందన్నా, ఆ టీచరమ్మకి ఒకటే. పిల్లలకి పాఠం చెప్పే గొంతు. నా లైసెన్సు తిరిగిచ్చినా నేను మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేను. అంకెలు చూస్తే చేతులు వణుకుతాయి. ఇప్పుడు నిజం తెలిసింది, ఇంకా గట్టిగా వణుకుతాయి."

ముగ్గురికీ అంతా తెలుసు. ముగ్గురిలో ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. సూదికి ఆ వంటిల్లు ఒక్కసారి చాలా ఇరుకుగా అనిపించింది. తను ఇక్కడికి ఎందుకొచ్చినట్టు? అక్కకి మేలు చేద్దామనా? రెండేళ్లుగా అక్క, తప్పు తనదే అనుకుని, ఎలాగో ఆ బరువుతో బతకడం అలవాటు చేసుకుంది. మొగుడనే ఒక్క గోడకి ఆనుకుని. ఇవాళ తను వచ్చి ఆ గోడను కూడా తీసేసింది.

అప్పుడు అక్క తల ఎత్తింది. ఆ కళ్లలో ఏదో మారింది. పద్దెనిమిదేళ్లు చేసిన పని తాలూకు చూపు అది.

"ఆసుపత్రిలో ఆ కంప్యూటర్లు తీసేశారా?"

బావ రెంచీ కోసం చెయ్యి చాచాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. తీసేశారా?"

"తీసేశారు" అన్నాడు. "పోయిన నెల కొత్తవి ఆరు కొన్నారు."

"ఎవరివి?"

"మావే. అదే చిప్. కంప్యూటర్ మాత్రమే కొత్తది."

అక్క లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడిపోయింది. సంచీలోంచి ఫోన్ తీసింది. ఆసుపత్రి నంబరు అందులో లేదు, రెండేళ్ల కిందటే చెరిపేసింది. వేళ్లకి మాత్రం గుర్తుంది. ఒక్కో అంకె నొక్కి, అందరికీ వినిపించేలా పెట్టి, బల్ల మీద ఉంచింది.

నాలుగోసారి మోగాక ఎత్తారు. అక్క తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన ఆవిడ. ఒకప్పుడు అక్క దగ్గరే పని నేర్చుకుంది.

"మేడమ్! మీరేనా? ఎన్నాళ్లయిందండీ మీ గొంతు విని! ఎలా ఉన్నారు?"

"బాగున్నాను. ఒక్క మాట చెప్పు. ఇవాళ ఎవరి డోసైనా మార్చావా?"

"ఇవాళా? ఒక్కటేనండీ. పొద్దున డాక్టర్ గారు సగానికి తగ్గించమన్నారు. తగ్గించేశాను."

"ఫైలు మళ్లీ తెరిచి చూశావా? తెర కాదు. ఫైలు."

"ఫైలు ఎందుకు మేడమ్, తెర మీద మారింది కదా..." అవతలి గొంతులో నవ్వు మెల్లగా తగ్గింది. "ఏమైందండీ?"

"ఆ మనిషి ఎక్కడ?"

"ఇప్పుడే లోపల మెషిన్ కింద పడుకోబెట్టారు మేడమ్. చిన్న పాప. తలుపులు వేసేశారు."